మేకనెవరు అడిగారు?

పెళ్లిచూపుల్లో పిల్లతల్లి ఒక మాట తప్పకుండా అంటుంది: "మా అమ్మాయి గోవండీ! నోట్లో నాలుక లేదు."

ఈ మాట అనే తల్లులు ఎప్పుడైనా ఆవు దగ్గరికి వెళ్లారా అని నాకు అనుమానం. గోవుకి నాలుక లేకపోవడమేమిటి? జానెడు నాలుక, ఉప్పుకాగితంలా గరుకుగా ఉంటుంది. కొమ్ములుంటాయి. పొదుగు దగ్గర చెయ్యి కాస్త మోటుగా పడిందో, పాలచెంబు ఒకవైపు, పాలు పితికేవాడు ఒకవైపు. ఈనిన కొత్తలో దూడ దగ్గరికి పరాయివాళ్లు వెళ్తే, గోమాత సాధుగుణం ఏపాటిదో ఆ వెళ్లినవాళ్లు చెప్పాలి. అయినా సరే, మనకు ఆవంటే సాధువు. నక్కంటే జిత్తులు. పాముంటే పగ. గాడిదకు తెలివి లేదు. పాపం మేకపోతుకైతే గాంభీర్యం కూడా ఉత్తుత్తిదే!

ఇవేవీ మనం జంతువుల్ని చూసి తెలుసుకున్నవి కావు సుమండీ. చూడ్డం మానేశాక అనుకున్నవి. ఒక ప్రాణికి ఒక అర్థం అంటించేశామంటే ఇక దాన్ని చూడాల్సిన పని లేదు. పెళ్లిపిల్లను "గోవు" అన్నాక ఆ పిల్లకేం కావాలో అడగనక్కర్లేదు కదా, అలాగన్నమాట.

ఈ మధ్య పల్లెటూళ్ల దృశ్యాలు చెక్కిన ఎచింగు బొమ్మల పుస్తకాలు కొన్ని ముందేసుకుని కూర్చున్నాను. అందులో ఎక్కడ చూసినా జంతువులే. మేకలు, పందులు, ఎద్దులు, గుడ్లగూబలు. ప్రతి బొమ్మ కిందా పండితుల వ్యాఖ్యానం: ఇది ఫలానాకి ప్రతీక, అది ఫలానాకి సంకేతం. చదువుతూ పోతుంటే నాకు పెళ్లిచూపులే గుర్తొచ్చాయి.

ఎచింగు అంటే ఏమిటో ముందు రెండు ముక్కలు చెబుతాను. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచొద్దని మన అమ్మమ్మలు చెప్పేవారు, గుర్తుందా? కళాయి ఉన్నంతసేపు పులుపు ఏమీ చెయ్యలేదు. అది పోయినచోట లోహాన్ని తినేస్తుంది. ఎచింగంతా ఈ కిటుకే. రాగిరేకు మీద మైనంలాంటి పూత పూస్తారు. సూదితో ఆ పూత మీద బొమ్మ గీస్తారు. సూది గీసినచోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. రేకును యాసిడ్‌లో ముంచితే గీతలున్నచోట మాత్రమే రాగిని తింటుంది. కాసేపుంచితే సన్నగీత, ఎక్కువసేపుంచితే లోతుగీత. తర్వాత పూత తీసేసి, గీతల్లోకి సిరా పట్టించి, పైపైన ఉన్నది తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. కుడిది ఎడమగా, ఎడమది కుడిగా. రంగుల బొమ్మలో గోధుమరంగు నాలుగుసార్లు పులిమితే ఆవనిపించవచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు. మేక ఒంటిమీద వెంట్రుకలు కావాలంటే వెంట్రుక వెంట్రుకా గియ్యాల్సిందే. అంతసేపు ఒక మేక ముందు కూర్చున్నవాడు దాన్ని చూశాడా, లేక దాని అర్థం ఒక్కటే చూశాడా అన్నది గీతలోనే బయటపడిపోతుంది. ఈ బొమ్మల్లో నాకు నచ్చినదీ, నన్ను భయపెట్టేదీ అదే.

మొదట హాలండు వెళ్దాం. రెంబ్రాంట్ 1642లో చేసిన చిన్న ఎచింగు ఒకటుంది. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది, అంతే. చెట్టుకింద ఒక అమ్మాయి కూర్చుని పూలదండ కడుతోంది. పక్కన ఒక కుర్రాడు నేలమీద వాలి పిల్లనగ్రోవి పట్టుకున్నాడు. చుట్టూ మేకలో, గొర్రెలో. మనకైతే బృందావనమే! కాని ఆ కుర్రాడి చూపు పాటమీద లేదు, అమ్మాయి పావడా అంచు దగ్గరుంది. వాడి భుజం మీద ఒక గుడ్లగూబ కూర్చుని ఉంది.

గుడ్లగూబ ఎందుకు? మన ఇళ్లల్లో గుడ్లగూబ అరిస్తే అపశకునమని శాంతి చేయిస్తారు. బెంగాలు వెళ్తే అదే గుడ్లగూబ సాక్షాత్తూ లక్ష్మీదేవి వాహనం. పాత గ్రీసులో చదువుల దేవత పిట్ట. ఆనాటి హాలండులో మాత్రం అది మూర్ఖత్వానికి గుర్తు. చీకట్లో తప్ప కళ్లు కనపడని పిట్ట అని నమ్మకం కదా! అంటే బొమ్మ చెప్పేది ఇది: కోరికతో కళ్లు మూసుకుపోయిన వెర్రివాడు. మేకలు కూడా అదే మాటకి వంత. తిల్ ఒయిలెన్ష్‌పీగెల్ అనే కొంటె జానపద వీరుడి పేరులోనే గుడ్లగూబ ఉంది. ఈ బొమ్మకు తర్వాత స్థిరపడిన ఫ్రెంచి పేరు 'లెస్పియేగ్ల్' కూడా అక్కడినుంచి వచ్చిందే.

బాగుంది. నవ్వొచ్చింది. నవ్వాక? బొమ్మ అయిపోయింది. పొడుపుకథ విప్పాక మళ్లీ ఎవరు వింటారు? రెంబ్రాంట్ గీత గొప్పదే, ఆకుల మీద వెలుగు గొప్పదే. కాని ఆ గుడ్లగూబ అక్కడ పిట్టగా లేదు, జవాబుగా ఉంది. ఇంకో సంగతి కూడా నాకు పట్టింది. కుర్రాడి వెర్రి గురించి అంత హాస్యం చేసిన బొమ్మ, ఆ చూపు తనమీద పడుతున్న అమ్మాయి సంగతేమిటని అడగదు. ఆమె పూలదండ కడుతూనే ఉంటుంది.

ఏడాది తిరిగింది. 1642 జూన్‌లో ఆయన భార్య సాస్కియా చనిపోయింది. ఇంట్లో రెండేళ్లు నిండని కొడుకు. 1643లో అదే రెంబ్రాంట్ ఒక పందిని చెక్కాడు. పండితులు చెప్పే అర్థాల్లో పందికన్నా చవకబారు జంతువు లేదు. అక్కడ తిండిపోతుతనం, ఇక్కడ మురికి. కాళ్లు తాడుతో కట్టేసి నేలమీద పడుకోబెట్టిన పంది. కాసేపట్లో కోస్తారు. వెనక ఇంటివాళ్లు, పిల్లలు సరదాగా చూస్తున్నారు. ఒక కుర్రాడి చేతిలో గాలి ఊదిన పంది తిత్తి ఉంది. అది వాళ్ల పిల్లలకి ఆటబంతిలాంటిది. జీవితం నీటిబుడగ అని మనమన్నట్టే వాళ్లూ అంటారు కాబట్టి, ఆ తిత్తికి అర్థం చెప్పడం పండితులకి తేలిక.

కాని ఈసారి అర్థం దగ్గర బొమ్మ ఆగలేదు. మనుషుల్ని పైపైన నాలుగు గీతల్లో గీసి వదిలేశాడాయన. పందిని మాత్రం రోమం రోమం గీశాడు. కడుపు మడతలు, చెవి వాలు, ముట్టె. ఎవరైనా పెద్దమనిషి చిత్రం గీయించుకుంటే ఎంత శ్రద్ధ పెడతారో అంత శ్రద్ధ. ఇంకాసేపట్లో ఈ ప్రాణి ఉండదు, ఉన్నంతసేపు అయినా సరిగ్గా చూడనివ్వండి అన్నట్టు. ఆ బొమ్మ చూశాక 'పంది అంటే తిండిపోతుతనం' అని అనడానికి నాకు నోరు రాలేదు. భార్య పోయిన దుఃఖమే ఈ గీతల్లోకి వచ్చిందని నేననను, ఎవరి గుండెలోకి ఎవరు తొంగిచూడగలరు? కాని పిల్లనగ్రోవి బొమ్మలో గుడ్లగూబను వాడుకున్న చెయ్యి, ఇక్కడ పందిని వాడుకోలేదు. ఆ తేడా కాగితం మీద కనిపిస్తూనే ఉంది.

హాలండు తర్వాత ఇంగ్లండు. రెండువందల ఏళ్లు దాటి వస్తే అక్కడ శామ్యూల్ పామర్ (1805-1881) కనపడతాడు. ఆయన ఎచింగుల్లో సంజెవేళలు, కోడికూత వేళలు, అరక దున్నే ఎద్దులు. చూస్తే కళ్లు చల్లబడతాయి. మన కాలెండర్లలో పల్లెటూరి బొమ్మలుంటాయి చూశారూ, వాటికి మహారాజులాంటివి. ఆ ఎద్దుల గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయన ఈ ఎచింగులు చేసేనాటికి ఇంగ్లండులో చాలాచోట్ల ఎద్దుల అరకలు పోయి గుర్రాలొచ్చాయి. వర్జిల్ గొల్లపాటల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి పామర్. ఆయన ఎద్దులు పొలంలోంచి కన్నా ఆ పాటల్లోంచే ఎక్కువ వచ్చాయి. పోయిన మంచికాలానికి గుర్తు అవి.

ఆ మంచికాలం ఎవరికి మంచి? పామర్ పడుచుతనంలో ఉన్న కెంట్ ప్రాంతంలోనే 1830లో కూలీలు తిరగబడ్డారు. కూలి చాలక, నూర్పిడి యంత్రాలొచ్చి ఉన్న పనికూడా పోతుంటే యంత్రాలు విరగ్గొట్టారు, గడ్డివాములు తగలబెట్టారు. పామర్ అది చూసి బెదిరిపోయి 1832 ఎన్నికలప్పుడు మార్పు కోరేవాళ్లకు వ్యతిరేకంగా ఒక కరపత్రం కూడా వేశాడు. ఆ తర్వాత పాతికేళ్లకు చెక్కిన బొమ్మల్లో ఎద్దులు ఎంత నెమ్మదిగా ఉంటాయో! వాటి మెడమీద కాడి ఒరిపిడికి కాయ కాసినట్టు ఎక్కడా కనపడదు. పక్కన నడిచే రైతుకి ఆకలేసినట్టూ కనపడదు. సాధుజంతువును పక్కన నిలబెడితే మనిషి కూడా సాధువైపోతాడు. ఇది కూడా ఒక రకం 'మా అమ్మాయి గోవండీ'యే.

అయితే పామర్‌దే ఇంకో ఎచింగు ఉంది, 1879లో చేసిన 'ఒంటరి బురుజు'. మిల్టన్ కవితలకని చేసిన వరుసలోది. కొండమీద బురుజు, కిటికీలో ఒక్క దీపం. కింద గొర్రెలు, ఆ దీపంకేసి చూస్తూ ఇద్దరు కాపరులు. మధ్యలో లోయ. ఆ లోయ మీదుగా ఎగిరిపోతున్న గుడ్లగూబ. పామర్ పెద్దకొడుకు 1861లో, పంతొమ్మిదేళ్లకే చనిపోయాడు. ఆ బురుజు కొడుకు కన్నుమూసిన ఊరి దగ్గరి లీత్‌హిల్ బురుజేనని విమర్శకులంటారు. ఇక్కడ గుడ్లగూబకి ఏ నిఘంటువులో అర్థం వెతకను? మూర్ఖత్వమా, జ్ఞానమా, అపశకునమా? ఏదీ కాదు. ఇటు మనుషులు, అటు దీపం, మనుషులు దాటలేని చీకటి. దాన్ని ఒక పిట్ట దాటుతోంది. అంతకన్నా అర్థం నాకు అక్కర్లేదనిపించింది. పద్దెనిమిదేళ్లు మనసులో పెట్టుకున్న తండ్రికీ అక్కర్లేకపోయి ఉండవచ్చు.

ఇక మన ఇంటికొద్దాం. అన్ని దేశాలూ తిరిగి రావడం ఇందుకే. అప్పటి మెదక్ జిల్లాలోని నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు మీలో కొందరైనా చూసే ఉంటారు. హైదరాబాదులో బొమ్మల చదువు పూర్తిచేసి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. అంత చదువూ చదివి ఆయన గీసింది మాత్రం సొంత ఊరినే. రాళ్లగుట్టలు, చెట్లు, గుడిసెలు, మీసాల మగవాళ్లు, నగలు పెట్టుకున్న ఆడవాళ్లు. వాళ్ల మధ్యలో మేక. ఎన్ని బొమ్మల్లో మేక ఉందో లెక్కపెట్టడం నావల్ల కాలేదు.

అరవైల్లో, డెబ్బైల్లో ఆయన చేసిన బొమ్మల్లో మగా ఆడా ఉన్నదున్నట్టుగా, దాపరికం లేకుండా ఉంటారు. అందుకని మేక అనగానే వ్యాఖ్యాతలు రెండో ఆలోచన లేకుండా 'కామానికి ప్రతీక' అని రాసేస్తారు. ఈ పుస్తకం మా ఇంటికొచ్చిన ఒక స్నేహితురాలికి చూపించాను. నాలుగు పేజీలు తిప్పి "ఛీ" అని మూసేసింది. ఆమె "ఛీ"కి, పండితుల "ప్రతీక"కి నాకు పెద్ద తేడా కనపడలేదు. ఇద్దరూ మేకను చూడలేదు.

చూసినావిడ వేరే ఉంది. మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే ఆవిడ. పుస్తకం బల్లమీద తెరిచి ఉంటే చెయ్యి తుడుచుకుంటూ వంగి చూసింది. మనుషుల వంక చూడనేలేదు. "ఇది సూడి మేకలెక్కుందమ్మా," అంది. "పొట్ట సూడున్రి, ఎట్ల జారిందో. పది దినాలల్ల ఈన్తది."

నేను మళ్లీ చూశాను. ఆవిడ చెప్పాక గీతలు వేరేగా కనపడడం మొదలెట్టాయి. అక్కడ ఉన్నది కామానికి ప్రతీక కాదు, పది రోజుల్లో ఈనబోయే మేక! దానికి నీళ్లు పెట్టాలి, రాత్రి లేచి చూడాలి, పిల్లలు బతికితే పెద్దపిల్ల ఫీజు కట్టొచ్చు. పేదవాడి ఆవు మేక అంటారు. నిజానికి పేదింటి ఆడదాని బ్యాంకు అది. ఇంట్లో జ్వరమొస్తే అమ్మేదీ అదే, పండక్కి కోసేదీ అదే. ఆవుకున్న పూజ దానికి లేదు, గేదెకున్న కొట్టం లేదు. ముళ్లకంపలు తిని, ఇంటివాళ్లతో ఒకే చూరు కింద పడుకుంటుంది. లక్ష్మాగౌడ్ గారి మేకలు మనుషుల ఒంటికి ఆనుకుని ఉండడంలో వింతేముంది? ఆ ఊళ్లల్లో అవి అలాగే ఉంటాయి.

ఆయన గీత కూడా అదే చెబుతుంది. మేక బొచ్చుకి వాడిన సన్నగీతే ఆడదాని జుట్టుకి, మగవాడి మీసానికి, చెట్టు బెరడుకి వాడతారు. యాసిడ్‌కి మనిషి వేరు, మేక వేరు అని తెలియదు, అన్నిటినీ ఒకటిగానే కొరుకుతుంది. ఆ ఊరి ఎండ కూడా అంతేనేమో.

మేకకు అర్థం అంటించడం అంటే ఏమిటో అన్నిటికన్నా బాగా తెలిసేది తెలంగాణ జాతరల్లో. అమ్మవారికి మేకపోతునిచ్చే ముందు దానిమీద పసుపునీళ్లు చల్లుతారు. నీళ్లు పడగానే అది ఒళ్లు విదిలిస్తుంది. ఏ మేకైనా విదిలిస్తుంది, వానలో తడిసినా విదిలిస్తుంది. కాని అక్కడ దానికొక అర్థం ఉంది: ఒప్పుకుందని. ఇక కోయవచ్చు. నేను ఆచారాన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నమ్మినవాళ్లకి అది అమ్మవారి అనుమతి. నన్ను పట్టుకున్నది ఆ అర్థం చెప్పే పద్ధతి. మేక విదిలించింది, మనం ఒప్పుకుందనుకున్నాం. పెళ్లిచూపుల్లో పిల్ల తల వంచుకుంది, మనం ఒప్పుకుందన్నాం. రెండుచోట్లా సంకేతం దొరికింది కాబట్టి అడిగే పని తప్పింది.

అందుకే లక్ష్మాగౌడ్ గారి బొమ్మలతో నాకో తగువుంది. ఆయనంటే గౌరవం ఉండబట్టే తగువు. ఆయన మేక ఎప్పుడూ మేకే. దానికి మొహం ఉంది, మొండితనం ఉంది, ఒక్కోసారి మనుషులకన్నా ఎక్కువ తెలిసిన చూపు ఉంది. మేకను ప్రతీక కాకుండా కాపాడారాయన. కాని ఆ తొలి బొమ్మలు కొన్నిటిలో పక్కనున్న ఆడదాని సంగతి? ఆమె ఒళ్లు కనిపించినంతగా ఆమె కనపడదు. భూమి, పంట, సంతానం, సృష్టి... వ్యాఖ్యాతలు పెద్దపెద్ద మాటలన్నీ ఆమె మీద వాలుస్తారు, ఆ బొమ్మలు వాలనిస్తాయి. మేక తప్పించుకున్న ప్రతీక పని ఆమె నెత్తిన పడింది. ఆమె ఉదయం నుంచి ఎన్ని బిందెలు మోసిందో, ఆ మేక ఎవరి డబ్బుతో కొన్నదో బొమ్మకి తెలిసినట్టుండదు. దాదాపు నాలుగువందల ఏళ్లకిందట పూలదండ కడుతూ కూర్చున్న హాలండు పిల్లకీ ఈమెకీ ఆ ఒక్క విషయంలో చుట్టరికం ఉంది.

న్యాయంగా ఇంకోమాట కూడా చెప్పాలి. ఆయన ఆడవాళ్లు తల వంచరు. ఆ తర్వాతి బొమ్మల్లో మరీను. పెద్దకళ్లు తెరిచి సూటిగా చూస్తారు, ముక్కుపుడకతో, మెడలో పూసలతో, "ఏం చూస్తున్నవ్?" అన్నట్టు. ఆ చూపు దగ్గర ఏ ప్రతీకా నిలవదు. భూదేవి అలా చూడదు, ఆ ఊరి ఆడది చూస్తుంది. అలాంటి బొమ్మ దొరికినప్పుడు నేను తగువు మానేసి చాలాసేపు అక్కడే ఆగిపోతాను.

మీకెప్పుడైనా ఇలాంటి బొమ్మలు ఏ ఎగ్జిబిషన్లోనో, పుస్తకంలోనో కనపడితే కింద రాసిన వ్యాఖ్యానం చివరికి వదిలెయ్యండి. కళల చదువు లేదని జంకొద్దు. ముందు జంతువు కాళ్లు చూడండి, కట్టేసి ఉన్నాయా? తాడుంటే రెండో కొస ఎవరి చేతిలో ఉంది? కడుపు నిండిందా, ఎండిందా? అది ఎటు చూస్తోంది? ఇవన్నీ చూశాక అర్థం కావాలంటే అదే వస్తుంది, రాకపోయినా నష్టం లేదు.

తర్వాత పక్కనున్న ఆడమనిషిని కూడా ఇవే ప్రశ్నలు అడగండి. ఏ బొమ్మలో జవాబు దొరుకుతుందో అది మంచి బొమ్మ. దొరకని బొమ్మ దగ్గర, ఎంత గొప్పవారు గీసినదైనా సరే, కాస్త తగువు పెట్టుకోవచ్చు. గొప్ప చిత్రకారులు అంతమాత్రానికి చిన్నబుచ్చుకోరు.